పానకం తాగిన మైకు

మా చిన్నప్పుడు నవమి పందిట్లో నా కళ్ళు సీతారాముల మీద ఉండేవి కావు... పానకం బిందె మీదే! అంబాజీపేట పక్కన మా ఊళ్ళో కల్యాణం చేయించేది మా తాతయ్యగారే. అందుకని నాకు ఆయన పక్కనే చోటు...

అప్పటికే ఆయన చేతులు వణికేవి. "పెద్దాయన వల్ల కావట్లేదండి, వచ్చే ఏడు వేరే పంతులుగారిని చూద్దాం" అని కమిటీవాళ్ళ గుసగుసలు. తాతయ్యకేమో ఆ కల్యాణమే ప్రాణం.

ఆ ఏడు నైవేద్యానికి పానకం చెంబు ఎత్తబోయారు... చెయ్యి వణికింది. చెంబు కాస్తా పక్కనున్న మైకుసెట్టు మీద బోర్లా పడింది! మైకు కీచుమని ఒక్క అరుపు అరిచి నోరు మూసుకుంది. జనమంతా తలంబ్రాల హడావిడిలో ఉన్నారు. చూసింది నేనూ, మైకు సూరిబాబూ.

సూరిబాబు గబగబా తువ్వాలుతో తుడిచేసి, "నా వైరే పోయిందండి, ఆయ్!" అన్నాడు.

"పండగపూట డొక్కు సెట్టు తెచ్చేవా? వచ్చే ఏడు నీకు బేరం లేదు పో!" అని కమిటీ పెద్ద నలుగురిలో నానా చీవాట్లూ పెట్టాడు. తాతయ్య తలెత్తలేదు. నాకైతే తల కొట్టేసినట్టయింది.

మర్నాడు తాతయ్య నా వేలు పట్టుకుని సూరిబాబు కొట్టుకి వెళ్ళారు. సెట్టు విప్పి ఉంది... లోపలంతా బెల్లం జిగురు, చీమల బారు. పాత పళ్ళబ్రష్షు స్పిరిట్‌లో ముంచి కడుగుతున్నాడు.

"నా మూలంగా మాటపడ్డావు రా నాయనా..." అన్నారు తాతయ్య.

"పోన్లెండి పంతులుగారూ... చీమలకీ ప్రసాదం అందిందండి!"

ఎండలో ఆరబెట్టి, అన్నీ బిగించి, మైకు తాతయ్య చేతికిచ్చాడు. "ఓ శ్లోకం అనండి, గొంతెలా వస్తుందో చూద్దారి."

కొట్టు మీది హారను స్పీకరు సెంటరంతా వినబడేది. తాతయ్య శ్లోకం చదవలేదు...

"అయ్యా, ఊరివారందరికీ... నిన్న మైకు మీద పానకం ఒలకబోసింది నేనండి. సూరిబాబు తప్పేం లేదండి. నా చేతులు వణుకుతున్నాయండి..."

సూరిబాబు కంగారుగా స్విచ్చి కట్టెయ్యబోతే ఆ వణికే చెయ్యే అడ్డం పెట్టారు. సెంటర్లో జనమంతా మావైపే చూస్తున్నారు. నేను సిగ్గుతో చచ్చి తాతయ్య పంచె వెనక దాక్కున్నాను...

మరుసటి ఏడు మైకు సూరిబాబుదే. కల్యాణం మాత్రం వేరే పంతులుగారు చేయించారు. తాతయ్య జనంలో నా పక్కన కూర్చుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని పానకం తాగారు.

మొన్న మా ఆఫీసులో ఎవరో కంప్యూటరు మీద కూల్‌డ్రింకు ఒలకబోశారు... "నేనేనండీ" అన్నవాళ్ళు లేరు. సీసీ కెమెరాలో వెతికి పట్టుకున్నారు. నాకెందుకో ఆ హారను గుర్తొచ్చింది.

మీ ఊళ్ళో అలా నలుగురికీ వినబడేలా తప్పు ఒప్పుకున్న పెద్దలున్నారా? ఉంటే చెప్పండి... వినాలనుంది.