అడిగి తీసుకున్న గొంతు

అన్న పోయాడన్న కబురు నాకు ఆఫీసు ఈమెయిల్‌లో వచ్చింది. మన గేటు దగ్గర పనిచేసిన సెక్యూరిటీ గార్డు కామెర్లతో మరణించారు, నాలుగు గంటలకు కెఫెటేరియాలో సంతాప సభ. దాని కిందే, పార్కింగ్ స్టిక్కర్లు మార్చుకోవాలన్న ఇంకో కబురు. చదివి ఒళ్లు మండిపోయింది. నెలరోజులుగా ఆయన గేటు దగ్గర కనబడలేదు. ఊరెళ్లాడనుకున్నాను తప్ప ఎవర్నీ అడగలేదు.

నిజం చెప్పాలంటే మొదటి కోపం ఆయన మీదే. కళ్లు పచ్చబడినా, మంచాన పడేదాకా డ్యూటీ మానలేదట. దవాఖానకు పొమ్మంటే ఫికర్ లేదన్నాడట. ఫికర్ ఉండాలి కదా. ముప్పై ఆరేళ్లకు పోవడానికి ఎవరిచ్చారు హక్కు?

ఖాజాగూడలో ఒకే గోడకు అటూ ఇటూ రెండేళ్లు కిరాయికి ఉన్నాం. గేటు దగ్గర నన్ను సార్ అనేవాడు, ఇంటి దగ్గర తమ్మీ. నేను అన్నా అనేవాణ్ని. ఆఫీసులో ఎవరికీ తెలియని సంగతి నాకు తెలుసు. ఆయన హిప్‌హాప్ బీట్లు కట్టేవాడు. ఎక్కడిదో ఒక శబ్దాన్ని రికార్డు చేసి, ముక్కలుగా కోసి, తిప్పి తిప్పి వాడుకోవడాన్ని శాంపిల్ అంటారు. అందరూ పాత పాటల్లోంచి తీస్తారు. ఆయన తన చుట్టూ ఉన్నదాంట్లోంచి తీశాడు. కాంక్రీటు మిల్లరు తిరిగే చప్పుడు, మా గేటు కడ్డీ పడే దెబ్బ, లింగంపల్లిలో రైలు ఆగేటప్పటి కీచు. వాటి కింద వాళ్ల ఊరి డప్పు. మూడు దెబ్బలు వేసి నాలుగో చోట ఖాళీ వదిలేవాడు. అదేంటన్నా అంటే, "నాల్గోది నీ కాలు కొట్టాలె తమ్మీ" అన్నాడు. నిజంగానే కొట్టేది. అన్నం తింటూ విన్నా కాలు ఊరుకునేది కాదు.

ఆయనకొక పట్టుదల ఉండేది. ఎవరి గొంతు వాడినా వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించి, సరే అంటేనే ఉంచుకునేవాడు. చాయ్ బండి ముసలాయన వద్దన్నాడని బ్రహ్మాండమైన బీటొకటి నా కళ్ల ముందే చెరిపేశాడు. పిచ్చా నీకు అని తిట్టాను.

"అడగకుంట తీస్కపోయేటోళ్లు మస్తుమంది ఉన్నరు తమ్మీ. మనం గూడ గట్లనే జేస్తమా?"

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులవి, ఎలా ఉండేవో మీకు తెలుసు. రోడ్ల మీద వంటావార్పులు, ఆఫీసులో టీ బల్లల దగ్గర రెండు గుంపులు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నాకు ఆ మాట తగిలింది. ఆయన నన్ను అనలేదు. అయినా తగిలింది.

ఆయన కట్టిన వాటిలో అన్నిటికన్నా గొప్పది ఒకే మాట మీద నడుస్తుంది. మా ఆఫీసు పక్కన కొత్త టవరు కడుతుంటే ఆడవాళ్లు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతులు మార్చేవారు. పాలమూరు నుంచి వచ్చిన ఒకామె ప్రతి తట్టకూ "అందుకో" అనేది. ఎప్పుడూ ఖాళీగా వదిలే నాలుగో దెబ్బ చోట ఆ మాట పెట్టాడు. వింటే కూర్చోలేరు. అన్నం వేళ ఆమెకు వినిపిస్తే, నా గొంతు ఇంత గట్టిగా ఉంటుందా అని నవ్విందట. అది చెప్పుకుని రోజంతా మురిశాడు.

ఆఫీసు వార్షికోత్సవంలో మా డాన్సుకు ఆ బీటు అడిగి తెచ్చింది నేనే. అది ఎవరిదో చెప్పి మా మేనేజరుగారికి వినిపించాను. బీటు అదిరిందండీ, కానీ ఆ గొంతు ఈ టైములో వద్దు, ఉద్యమ నినాదంలా ఉంది, గొడవలవుతాయి అన్నారు. అందుకో అనడంలో ఏ నినాదముంది? ఆ మాట ఆరోజు నా నోట రాలేదు. నా చేత్తోనే ఆమె గొంతు తీసేసి, ఏదో సీడీలోంచి ఇంగ్లీషు పిల్ల "యా" అనే కూత అతికించాను. హాలు ఊగిపోయింది. తెర మీద మా టీము పేర్లు పడ్డాయి. అన్నకు ఆరోజు డ్యూటీ ఆ హాలు తలుపు దగ్గరే. నేను బయటికొస్తుంటే తన పేరు గురించి ఒక్క మాట అనలేదు.

"ఆ అక్క యాడికి వోయింది సార్?" అన్నాడు.

ఆ తర్వాత ఇంటి దగ్గర కూడా సార్ అనే పిలిచాడు. భరించలేక ఇల్లు మారాను.

సంతాప సభలో మేనేజరుగారు, మన సెక్యూరిటీ స్టాఫ్‌లో ఇంత టాలెంట్ ఉన్నందుకు గర్వపడాలని చెప్పి, నివాళిగా బీటు పెట్టించారు. మొదలైన కాసేపటికే "యా" అని వినిపించింది. లేచి వెళ్లి స్పీకరు వైరు పీకేశాను. ఇది ఆయన బీటు కాదు, ఇందులోంచి ఒక మనిషిని తీసేయమన్నది మీరు, తీసింది నేను అన్నాను. వెనక నిలబడ్డ గార్డుల్లో ఒకాయన, ఆ అక్కకు ఈయన పోయిండని ఎవరన్నా చెప్పిన్రా అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు.

ఆ టవరు ఎప్పుడో పూర్తయింది. మూడు రోజులు సైట్లన్నీ తిరిగాను. నానక్‌రామ్‌గూడలో ఒకచోట కింద నిలబడే "అందుకో" అంటున్న ఆమె గొంతు గుర్తుపట్టి రెండో అంతస్తుకు ఎక్కాను. అన్న పోయాడని చెప్పాను. తట్ట దించి అక్కడే కూర్చుంది. మంచిగ మాట్లాడేటోడు అంది. నేను చేసింది కూడా చెప్పాను. చెప్పకపోతే ఆమెకు ఎన్నటికీ తెలిసేది కాదు. కానీ ఇంకోసారి నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు.

ఆమె నా మొహంలోకి సూటిగా చూసింది.

"ఆయన అడిగిండు గద. నువ్వెందుకడగలే?"

మేస్త్రీ కేకేశాడు. ఆమె లేచి వెళ్లి వరుసలో తన చోట నిలబడింది. మెట్లు దిగబోతూ, మళ్లీ ఆ మాట వినిపిస్తుందేమోనని ఆగాను. తట్టలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతూనే ఉన్నాయి. ఎవరూ ఏమీ అనడం లేదు.