బజారు తొక్కని బూటు

ఐటిఐలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, వారానికి రెండు మూడుసార్లు మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేటకు బస్సెక్కేవాణ్ణి. అక్కడ ఒక మగ్గాల శిక్షణ కేంద్రం ఉండేది. వికలాంగులకూ నేత నేర్పించాలని అనుకున్నప్పుడు ఏర్పాట్లు చూసే పని నాకు అప్పగించారు. తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. మెట్ల పక్కన ర్యాంపు కట్టించాను. గోడ పొడవునా పట్టుకోవడానికి పైపు పెట్టించాను. బాత్రూం తలుపు వెడల్పు చేయించాను. పనులు పూర్తయిన రోజు డైరీలో "ఇక ఏ అడ్డంకీ లేదు" అని రాసుకున్నాను.

ఒక సోమవారం ఒక అమ్మాయి వచ్చింది. చిన్నప్పటి పోలియోతో ఎడమ కాలు సన్నబడింది. దానికి రెండు ఇనుప కడ్డీల కాలిపర్, అడుగున బూటు. ర్యాంపు ఎక్కింది. గడప దగ్గర, నేత నేర్పే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెప్పులు బయట, బిడ్డా."

కుడికాలి చెప్పు విడిచింది. ఆయన ఎడమ కాలి బూటు చూశాడు.

"గది సుత."

"గది ఇడిస్తె నడ్వరాదు కాకా."

మగ్గం ఉన్న గదిలోకి ఎవరూ చెప్పులతో రారు. తనిఖీకి వచ్చిన అధికారి కూడా సాక్సులతోనే తిరిగాడు. పైపు ఎత్తు గురించి అంత ఆలోచించిన నేను కూడా వచ్చిన ప్రతిసారీ చెప్పులు అక్కడే విడిచేవాణ్ణి.

లోపల నేర్చుకుంటున్న ఒకావిడ, "ఎత్తుకొచ్చి కూసోవెడ్తం తియ్, పెండ్లిపిల్ల లెక్క" అంది.

"బాత్రూంకు పోవాల్నంటె మల్ల నిన్నే పిలువాల్నా అక్కా?"

పెద్దాయన ఇంకో దారి చూపించాడు. "అరుగు మీద కూసొని కండెలకు నూలు చుట్టు."

"నూలు మా అవ్వ సుత చుడ్తది. నేను చీర నెయ్యనీకె వచ్చిన."

"అయితె దేక్కుంట రా."

"ఇంట్ల దేకుతనే ఉన్న. గీడ దేక."

చేరిన వారంలోగా మగ్గం ఎక్కని వాళ్ళ జాగా వేరేవాళ్ళకు పోతుంది. నిబంధన అది. చెప్పాల్సింది నేనే కాబట్టి చెప్పాను. ఆమె అరుగు మీదే కూర్చుంది, కండెలు ముట్టలేదు.

నేను పెద్దాయన్ను అడిగాను. "మీ లెక్కన చెప్పు అంటే ఏంటి?"

"బజారు తొక్కొచ్చేది."

"బజారు తొక్కని బూటైతే?"

"గసొంటిది ఎవలింట్ల ఉంటది సారూ? ఉంటె గది చెప్పు గాదు."

ఆమెను బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్ళాను. అతను బూటు తిప్పి చూశాడు. మడమలో అడ్డంగా చిన్న గొట్టం ఉంది, కడ్డీల కొసలు అందులో దూరతాయి, లాగితే ఊడి వస్తాయి. అలాంటి గొట్టమే పెట్టి గుడ్డతో ఇంకో బూటు కుట్టమన్నాను.

"జత గాదా సారు?"

"కాదు. ఎడమదొక్కటే."

"ఎడమ కాలికి రెండు బూట్లు, కుడి కాలికి ఒక్క చెప్పు" అని ఒకసారి లెక్క చూసుకుని కుట్టడం మొదలుపెట్టాడు.

శుక్రవారం ఆ బూటు కాగితంలో చుట్టి తెచ్చాను. పెద్దాయన అడుగుభాగం బొటనవేలితో రుద్ది, వేలు చూసుకున్నాడు. తర్వాత మగ్గానికి పెట్టే కుంకుమ దానికీ పెట్టాడు. గడప పక్కన వేసిన స్టూలు మీద కూర్చుని ఆమె కడ్డీలు లాగి, కొత్త బూటులోకి దూర్చి, పట్టీలు బిగించి లోపలికి నడిచింది. మగ్గం కింది గుంటలోకి కాళ్ళు దించుకుంది. కింద తొక్కే పలకలు రెండింటినీ కుడికాలితోనే మార్చి మార్చి తొక్కింది. కాసేపటికి పోగు తెగింది.

"కండ్లు యాడ వెట్టినవ్?" అన్నాడు పెద్దాయన. అందరినీ అలాగే అంటాడు.

ఆమె చీర నేసింది. అంచు ఒకచోట వంకర పోయింది, అయినా అమ్ముడైంది. నేను వెళ్ళిన ప్రతిసారీ గడప బయట చెప్పుల వరుసలో ఒక చెప్పు, ఒక బూటు పక్కపక్కన కనిపించేవి.

మరుసటి ఏడాది ఒకతను చక్రాల కుర్చీలో వచ్చాడు. ర్యాంపు ఎక్కి గడప దగ్గర ఆగాడు. పెద్దాయన వంగి చక్రాలు పరీక్షగా చూసి, నా వైపు తిరిగాడు.

"సారూ, బజారు తొక్కని చక్రాలు యాడ దొరుకుతయ్?"