పురుగుల ఇంట్లో ఫైనల్ మ్యాచి

పట్టుపురుగులు గోడలెక్కి, క్యాలెండరు మీద గూడు కట్టి, మా ఆయన పెళ్లినాటి కోటు జేబులో కాపురం పెట్టిన కథ ఎక్కడైనా విన్నారా? విని ఉండరు. అంతటి ఘనకార్యం మా జిల్లాలో చేసింది నేనొక్కదాన్నే. అదీ కూర్చున్న చోటు నుంచి కదలకుండా!

నేను రాబర్ట్‌సన్‌పేట పిల్లను. మా నాన్న అక్కడి బంగారు గనిలో పని చేస్తూ, సాయంత్రాలు గని ఫుట్‌బాలు టీముకు గోలు కాసే గోలీగా నిలబడేవాడు. గనులు మూసేశాక ఉద్యోగం పోయింది గానీ ఫుట్‌బాలు పోలేదు. వంటింట్లో చెంబు జారినా కాలు అడ్డం పెట్టి ఆపేవాడు. అలాంటి ఇంటి నుంచి నన్ను గౌనిపల్లి పక్కన పట్టుపురుగులు పెంచే ఇంటికిచ్చారు. ఆ ఇంట్లో నడిల్లు పురుగులది. మనుషులకు వసారా. వసారాలోనూ నాకు మూల. ఎందుకంటే మా అత్త లెక్కలో నేను ఆకు మోయడానికి తప్ప దేనికీ పనికిరాని పేట పిల్లను.

ఒకసారి కోలారులో అత్త చెల్లెలి కూతురికి నిశ్చితార్థం వచ్చింది. మా ఆయన టమోటా లోడుతో ముందే మార్కెట్టుకు పోయాడు. పురుగులు నాలుగో జ్వరం లేచి ఆఖరి మేతలో ఉన్నాయి. (పురుగు పొర విడవడానికి పడుకుంటే మేం జ్వరమంటాం. డాక్టరును పిలవకండి.)

"ఏమే విమలా," అంది అత్త, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ. "పురుగుల్ని నీ చేతికిచ్చి పోతా ఉండాను. సక్రంగా చూసుకున్నావంటే వచ్చే పంట నుంచి పెత్తనం నీదే. లేదంటే సచ్చేదాకా ఆకు మోస్తా ఉండు."

"పండినాయని నాకెట్ల తెలిసేదత్తా?"

"చెవులుండాయి కదా? మేస్తా ఉంటే వాన తుంపర మాదిరి సద్దొస్తుంది. సద్దు నిలిచిందంటే లోపలికి పోయి చూడు. ఒళ్లు పసుప్పచ్చగా అద్దం మాదిరి మెరస్తా, తల పైకెత్తినాయంటే పండినట్ల. ఊర్లో ఆడోళ్లందర్నీ పిలిచి బేగ చంద్రికలకెక్కించు. ఆలస్యమైతే దొరికిన చోటంతా గూడు కట్టుకుంటాయి."

చంద్రిక అంటే పురుగు గూడు కట్టుకోవడానికి వెదురుతో అల్లిన తడక. అవి గోడకు ఆనించి సిద్ధంగానే ఉన్నాయి. సిద్ధంగా లేనిది నేనే.

అంతకు ముందు వారం మా తమ్ముడు సురేశు వచ్చి, చేతిలో పట్టుకుని ఆడే ఫుట్‌బాలు గేమొకటి మా ఇంట్లో మరిచిపోయి పోయాడు. (మరిచిపోలేదు. వాడి సంచిలోంచి నేనే తీసి బియ్యం డబ్బాలో దాచాను. మీ దగ్గర దాపరికమెందుకు?) అత్త ఊళ్లో లేని కోడలు ఉత్తమురాలన్నారు పెద్దలు. ఆ పెద్దల ఇళ్లలో వీడియో గేము ఉండి ఉండదు.

పొద్దున్నే తట్టల్లోని పురుగులకు ఆకు వేశాను. ఈగ దూరకుండా గుమ్మానికి తెర దించాను. తెర ఇవతల గడప మీద కూర్చుని బొత్తాం నొక్కాను. పసుపు చొక్కాల వాళ్లు నా టీము. గోలీకి మనసులోనే మా నాన్న పేరు పెట్టాను. చూపు బొమ్మ మీద, చెవి పురుగుల మీద. ఎంత జాగ్రత్తో చూడండి!

ఒక్కో మ్యాచీ గెలుస్తూ పోయాను. మధ్యాహ్నం మేత వేళయింది. కానీ తెర వెనక హోరు తగ్గితే కదా! అంత గట్టిగా మేస్తున్నాయంటే ఆకు ఇంకా ఉన్నట్టే అనుకున్నాను. నేను గోలు వేసినప్పుడల్లా మరింత హుషారుగా మేస్తున్నట్టు కూడా అనిపించింది. ప్రాణమున్న జీవాలు, వాటికి మాత్రం సంతోషం ఉండదా?

పక్కింటి మునెమ్మక్క వచ్చింది.

"ఎవురితో కొట్లాడతా ఉండావే?"

"కొట్లాట కాదక్కా, ఫైనలు."

"అదేమో నాకు తెల్దు. పురుగులెట్ల ఉండాయి?"

"నువ్వే విను."

మునెమ్మక్క తల వంచి విన్నది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "అబ్బా, ఏం మేత! మా పురుగులు ఇంత సద్దు చెయ్యవే!"

"మా ఆకు అట్లాంటిదక్కా," అన్నాను గర్వంగా.

ఆఖరి నిమిషం. పెనాల్టీ. నా ఆటగాడు పరుగెత్తాడు, కాలు ఎత్తాడు. అంతే, బ్యాటరీ అయిపోయింది. బొమ్మ ఆరిపోయింది. అదే క్షణాన తెర వెనక పురుగులన్నీ ఒక్కసారిగా మేత మానేశాయి!

'బ్యాటరీకీ పురుగులకూ ఏం సంబంధం?' అనుకున్నాను. మీకు అప్పుడే అర్థమైపోయింది కదూ? నాకు కాస్త సమయం పట్టింది. పొద్దుటి నుంచి నేను విన్నది పురుగుల మేత కాదు, నా చేతిలోని గేములో జనం చేసే హోరు! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. నాది అరచేతిలో జనాల మోత, తట్టల్లో శ్మశానం.

తెర ఎత్తితే తట్టలు సగం ఖాళీ. పండిన పురుగులు గోడల మీద, దూలాల మీద, చీపురులో, కోటులో, ఎక్కడ మూల దొరికితే అక్కడ పోగు తీస్తున్నాయి. మునెమ్మక్క పెట్టిన కేకకు ఊరంతా దిగింది. ఆడవాళ్లు గోడల మీద నుంచి పురుగుల్ని ఏరి చంద్రికల మీద వేస్తుంటే, నేను మంచం కింద పాకుతున్నాను. సరిగ్గా అప్పుడే అత్త బస్సు దిగి వచ్చింది.

"ఏమైందే?"

"ఎండకు... ఒక్కసారిగా పండిపోయినాయత్తా," అన్నాను మంచం కింద నుంచే.

నన్ను కాపాడాలని మునెమ్మక్క ముందుకొచ్చింది. "దాని తప్పేం లేదక్కా. నా చెవులారా విన్యాను. ఇది ఫైనలు ఆడతా ఉండినబ్బుడు గూడా పురుగులు మేస్తానే ఉండినాయి!"

అత్త గడప మీది గేమును తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీ నాయన గోలీ కదా? గోలీ కాపు వదిలిపెడితే మీ ఆటలో ఏం చేస్తారు?"

"బయటికి పంపిస్తారత్తా." నా గొంతు పట్టుపోగు కంటే సన్నగా వచ్చింది. పెత్తనం పోయిందని తేలిపోయింది.

"మా ఆటలో లోపలికి పంపిస్తాము," అంది అత్త. "ఇంగ మీద పురుగులు నీవే. గుడ్డు పగిలిన కాడ్నించి గూళ్లు మార్కెట్టుకు పోయేదాకా ఈ నడిల్లు దాటినావంటే కాళ్లు ఇరగ్గొడతా."

అలా మా ఊళ్లో శిక్షగా పెత్తనం పొందిన కోడల్ని నేనే.

కాబట్టి పెద్దలారా, పిన్నలారా, నాలుగు జ్వరాల సాక్షిగా, మునెమ్మక్క నోటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పురుగులు మేసే ఇంట్లో నేనిక ఈ జన్మలో సౌండు పెట్టి ఫుట్‌బాలు ఆడను.