జిరాక్స్ మిషన్‌కు బొట్టు

దసరా మర్నాడు ఎల్బీనగర్‌లో మూఢనమ్మకాల మీద నా ఉపన్యాసం. అక్కడ పంచాల్సిన కరపత్రం కాపీల కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్స్ షాపుకు వెళ్లాను. వచ్చిన ప్రతి కాగితం నడుమ గుండ్రటి నల్ల మచ్చ!

"ప్రింటర్ ఖరాబైనట్టుంది సార్," అంది షాపామె.

"ప్రింటర్ తప్పేముందమ్మా? పైనున్న స్కానర్ ఏది చూస్తే అదే అచ్చేస్తుంది," అంటూ మూత ఎత్తాను. అద్దం మీద కుంకుమ బొట్టు.

"నిన్న పూజ చేసిన సార్. కీబోర్డుకు, మౌస్‌కు పెట్టి గీదానికి పెట్టకుంటే ఎట్ల?"

ఆమెకు హేతువాదం బోధిస్తూనే నా చేతిరుమాలుతో అద్దం తుడిచాను. మచ్చలేని కాపీలతో సభకు పరుగెత్తాను. చెమట తుడుచుకుని మైకు అందుకోగానే జనం గొల్లున నవ్వారు.

"బొట్టు మస్తు కుదిరింది సార్!" అన్నాడు ముందు వరుస పెద్దాయన.

అద్దం మీంచి రుమాలు ఎత్తుకొచ్చినదాన్నే నా నుదురు అచ్చేసింది.