చిక్కమునియప్ప గుంట

నర్సింగు చదవడానికి 1978లో తెనాలి నుంచి బెంగళూరు వెళ్లినప్పుడు నాకు నోరెక్కువ, చెవి తక్కువ. ఆ సంగతి మా హాస్టలు తోటమాలి చిక్కమునియప్ప ఉసురు పోసుకున్నాక గానీ తెలిసిరాలేదు.

ఆయనది సర్జాపుర పక్క పల్లె. మాట తెలుగే గానీ సగం కన్నడం కలిసిన తెలుగు. హాస్టలు వెనక గదిలో భార్య మారెమ్మతో ఉండేవాడు. వంటింటి తొక్కలు, టీ పిప్పి, రాలిన ఆకులు, పాలవాడు అశ్వత్థప్ప తెచ్చే పేడ, అన్నీ పెరటి గుంటలో వరసలుగా పేర్చి మీద మట్టి మెత్తేవాడు. రోజూ పొద్దున్నే అందులో ఇనపకడ్డీ గుచ్చి, తీసి, అరచేత్తో పట్టుకు చూసేవాడు. కడ్డీ వేడిగా ఉంటే ఆ పూట మొహం వెలిగిపోయేది. జ్వరం చూసే పని మాకంటే ఆయనే శ్రద్ధగా చేస్తాడని నవ్వుకునేవాళ్లం.

మరుసటి ఏడు మార్చిలో సామాన్ల గదిలోంచి కొబ్బరికాయలు మాయం కాసాగాయి. వార్డెను సుగుణమ్మగారు, మా గుంటూరు వైపు మనిషే, అందరినీ అనుమానంగా చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే చిక్కమునియప్ప అశ్వత్థప్పతో అంటున్న మాట నా చెవిన పడింది. నాకు వినబడింది ఇదీ:

"గుంటలో రెండు మూటలకు కొబ్బరి ఉండాదప్పా. ఇంకా పది దినాలు ఎవురూ తెరవగూడదు."

నేను ఆగానా? నేరుగా వెళ్లి వార్డెనుగారికి మోసేశాను.

గంటలో అందరం గుంట చుట్టూ చేరాం.

"తవ్వు," అన్నారు సుగుణమ్మగారు. "దొంగసరుకు దొరికిందా, సాయంత్రానికి పనీ లేదు, గదీ లేదు."

"ఇప్పుడు తెరిస్తే ఉడుకు పోతాదమ్మా. పది దినాలు తాళండి."

ఆ మాటతో ఆవిడ అనుమానం రెట్టింపైంది. "తవ్వమన్నానా?"

గుమ్మంలో నిలబడ్డ మారెమ్మ లోపలికెళ్లింది. కాసేపటికి గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది.

పార పడగానే పొగలా ఆవిరి లేచింది. "నిప్పు లేనిదే పొగ రాదు," అని వెనక ఎవరో గొణిగారు. ఇంకో నాలుగు పోట్లకి పార దేనికో తగిలి ఠక్కుమంది. కొబ్బరిచిప్ప, దాని వెంట పీచు. నాకు లోపల సంతోషమేసింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఇదేమిటి?"

"మీ వంటింటి తుక్కులో వచ్చిందమ్మా."

"చిప్పల సంగతి కాదు. రెండు మూటల కొబ్బరి ఏదీ?"

ఆయన అడుగుదాకా తవ్వేశాడు. సగం మాగిన చెత్తంతా గట్టు మీద ఆరిపోతోంది. కొబ్బరి ముక్క కూడా లేదు.

"కొబ్బరి యాడిదమ్మా?" అన్నాడు చివరికి. "నేను చెప్పింది గొబ్బర." వంగి, రెండు చేతులా నల్లటి మట్టి తీసి ఆవిడ ముందు పట్టాడు. "చెట్లకేసే గొబ్బర. ఇదే."

వాళ్ల మాటలో గొబ్బరంటే ఎరువు.

"ముందే ఎరువని చెప్పి చావొచ్చుగా," అని సుగుణమ్మగారు నవ్వి వెళ్లిపోయారు. అమ్మాయిలూ నవ్వారు. కొబ్బరికాయలు ఎవరు తిన్నారో నేటికీ తెలియదు.

సాయంత్రం క్షమించమని అడగడానికి వెళ్లాను. గుంట మళ్లీ పూడ్చి, కడ్డీ గుచ్చి చూస్తున్నాడు. తీసి నా చేతికిచ్చాడు. చల్లగా ఉంది.

"మళ్లా మొదటినుంచి పేర్చాల. వానలకు అందదు," అన్నాడు. కడ్డీ వెనక్కి తీసుకుని, "నన్నొక మాట అడిగింటే చెప్తావుంటి కదమ్మా," అన్నాడు.

నేనక్కడున్న మరో రెండేళ్లూ ఆయన మా ముందు ఆ మాట ఎత్తలేదు. అశ్వత్థప్పతో మాట్లాడుతూ కూడా, నేను అటు రావడం చూస్తే, "గొబ్బ..." అని ఆగి, "ఎరువు" అని దిద్దుకునేవాడు.