గుండెకాడి కాగితం

1991లో నన్ను ఆడవాళ్ల వార్డు ఆయా పని నుంచి ఇ.సి.జి. గదికి మార్చారు. భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఉన్న చిన్న సర్కారు దవాఖానా అది. అప్పటిదాకా ఆ గదిలో ఉన్నది మగ టెక్నీషియన్. ఆయన జాకెట్టు విప్పమంటే ఆడవాళ్లు లేచి ఇంటికి పోయేవారు. అందుకని డాక్టరు గారే నాకు పని నేర్పించారు. హోదా మాత్రం నాలుగో తరగతి ఉద్యోగే.

నేను ముప్పై ఆరో ఏట వయోజన విద్య బడిలో పలక పట్టినదాన్ని. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరూ వచ్చు. కలిపితే ఏమవుతుందో రాదు. ఈ పనికి అది చాలు. ఎర్ర తీగ కుడి చేతికి, పసుపు ఎడమ చేతికి, నలుపు కుడి కాలికి, ఆకుపచ్చ ఎడమ కాలికి. ఛాతీ మీద రబ్బరు బుడ్డి నొక్కి వదిలితే చర్మాన్ని పట్టుకుంటుంది. దాన్ని ఆరు చోట్లకు మారుస్తూ, కాగితం మీద వి-1 నుంచి వి-6 దాకా రాయాలి.

ఆ ఏడు వానాకాలంలో కారేపల్లి వైపు నుంచి కమలమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. నౌకరీ పర్మినెంటు అయ్యే వరస వచ్చింది. కానీ ఆమెకు నాలుగేళ్ల కింద గుండె ఆపరేషన్ అయిందని ఊరంతటికీ తెలుసు. గుండె బాగుందని డాక్టరు కాగితం తెస్తేనే అని వార్డెన్ మెలిక పెట్టింది.

నాలుగు మెట్లు ఎక్కి వచ్చి చాలాసేపు రొప్పింది. డాక్టరు గారు ఆపరేషన్ కాగితాలు అడిగారు.

“ఉన్నయ్ సార్. భద్రంగ గుండెకాడనే పెట్టుకున్న.”

మాటవరసకు అన్నదనుకుని, రేపు తెమ్మని చెప్పి ఆయన ఆమెను నా దగ్గరికి పంపారు.

తెర వెనక పడుకోబెట్టి ఎర్ర తీగ చేతికి కట్టానో లేదో, లేచి కూర్చుంది.

“మళ్ల కరెంటు పెడ్తరా అక్కా? ఇర్వై అయిదు దినాలు పెట్టిన్రు, సాలదా?”

గుండె ఆపరేషన్‌కు కరెంటు పెట్టరు. మా వైపు కరెంటు పెట్టడమంటే క్యాన్సర్‌కు ఇచ్చే కిరణాల వైద్యం.

“జాకెట్టు విప్పు” అన్నాను.

“విప్పకుంట రాదా?”

“మూత తియ్యకుంట అన్నం ఉడికిందో లేదో చూస్తవా నువ్వు? విప్పు.”

విప్పింది. ఎడమ వైపు నుంచి బూరుగు దూది ఉండ ఒకటి జారి బల్ల కింద పడింది. దూది నడుమ ప్లాస్టిక్ కవరు, అందులో మడిచిన కాగితాలు. కాగితాల సంగతిలో ఆమె అబద్ధమాడలేదు. ఎడమ రొమ్ము లేదు. కోత చంక దాకా ఏటవాలుగా పోయింది. గుండె ఆపరేషన్ కోత నడిమధ్యన నిలువుగా ఉంటుంది, వార్డులో చూసినదాన్నే.

“గుండె ఆపరేషన్ అంటివి గదనే?”

“మరేమనాలె? బావలు, మరుదులు ఉన్న ఇంట్ల రొమ్ము కోసిన్రని ఎట్ల చెప్త? గుండె అంటే మర్యాదుంటది. నాలుగేండ్ల సంది మా అత్త బరువని నన్ను నీళ్ల బిందె ఎత్తనిస్తలేదు.”

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు బుడ్డి పెట్టేదాకానే. కండ లేని చోట అది నిలవక, రెండుసార్లు టప్పున ఊడి నేల మీద దొర్లింది. మామూలుగా రొమ్ము కింది అంచు నాకు కొండగుర్తు. ఇక్కడ ఆ గుర్తే లేదు. పక్కటెముకలు లెక్కపెట్టి, బుడ్డిని ఒత్తిపట్టి గీతలు తీశాను.

కాగితాలు సార్‌కు ఇవ్వాలంటే కవరు గుంజుకుంది. “మగాయన సూడొద్దు.”

“ఆయన సూడడు. నేను చదువుత, ఆయన ఇంటడు.”

“అవ్, గట్లయితే సరే.”

డాక్టరు గారు వచ్చి తెర అవతల కూర్చున్నారు. మందుల వరస మీద వేలు పెట్టి, తెర ఇవతల నుంచి ఒక్కొక్క అక్షరం అరిచాను. “డి... ఓ... ఎక్స్... ఓ...”

ఎక్స్ దగ్గరే అవతల కుర్చీ కిర్రుమంది. “ఆ మందు ఎర్రగా ఉండేదేమో అడుగు, వీరమ్మా!”

“కుంకుమ నీళ్ల లెక్క ఉండె సార్! మూత్రం గూడ ఎర్రగ వచ్చేది!” అని కమలమ్మే కేకేసింది. సిగ్గు ఎటు పోయిందో!

ఆ ఎర్ర మందు క్యాన్సర్‌ను చంపుతూ గుండె కండను కూడా దెబ్బతీయవచ్చునట. ఎడమ వైపు కరెంటు పెడితే గుండెకూ కొంత తగులుతుందట. అది ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. నా గీతలు ఒక్కటే చాలవు, గుండె స్కానింగ్ కావాలన్నారు డాక్టరు గారు. ఆయాసానికి ఊళ్లో ఆమె మింగుతున్నవి ఉబ్బసం బిళ్లలు.

“అయితే కాగితం ఇయ్యరా సార్? నౌకరి పోతది.”

ముందు మనిషి ఉండాలి కదా అని ఆయన వరంగల్ పంపారు. గుండె బలహీనపడిందని తేలింది. మూడు నెలలు మందులు వాడాక, అవే నాలుగు మెట్లు రొప్పకుండా ఎక్కింది. బరువులు ఎత్తకూడదన్న షరతుతో డాక్టరు గారు కాగితం రాశారు. వార్డెన్ పెద్ద అన్నం గుండిగలు దింపే పని ఇంకొకరికి ఇచ్చి, ఆమెను కూరల మీద, వడ్డన మీద పెట్టింది. నౌకరీ నిలిచింది. ఊళ్లో చెప్పడానికి కొత్త అబద్ధం కూడా అక్కర్లేకపోయింది.

ఆ తర్వాత ఏ ఆడమనిషి గుండె ఆపరేషన్ అన్నా ముందు కోత చూశాను. కరెంటు పెట్టిన్రా, ఎర్ర మందు ఎక్కిచ్చిన్రా అని అడిగాను. ఈ రెండూ అట్ట మీద రాసి తెర వెనక కట్టాను. డాక్టరు గారు అందులో మూడు తప్పులు దిద్దారు, ప్రశ్నలు మాత్రం మార్చలేదు. రిటైరయ్యేనాటికి కూడా నాకు ఇంగ్లీషు అక్షరాలు కలపడం రాలేదు. అడగడం వచ్చింది.