చద్దర్ కప్పించుకున్న రోజు

నోరున్నోడినని నన్ను పంపడం మా భవాని పేట్ వాళ్ల తప్పు, పోవడం నా తెలివితక్కువ. మేం రంగేసిన నూలు ఆరేసుకునే మైదానంలో కాంప్లెక్స్ కడతామని, బిల్డరోళ్లు జనం అభిప్రాయం కోసం సభ పెట్టిండ్రు. “సగం జాగ నూలుకు వదలమను, గంతే!” అని మా ఆవిడ బీడీలు చుడుతూనే చెప్పింది.

వేదికెక్కంగనే బిల్డర్ నాకు సన్మానమని శాలువాలెక్క చద్దర్ దుప్పటి కప్పి, “పేట్‌కు పెద్దమనిషి” అన్నడు. ఆ చద్దర్ నేను నేసిందే. అయినా మురిసిపోయి, ఆయన్నే పొగిడి దిగిన. దాన్నే పేట్ ఒప్పుకోలుగా రాసుకున్నరు.

“ఇగ నూలు నీ నెత్తిమీద ఆరెయ్యాల్నా?” అన్నది మా ఆవిడ.

మైదానం పోయింది. ఇప్పుడు రోజూ ఎర్రనూలు కాంప్లెక్స్ రెయిలింగ్ మీదనే ఆరేస్తున్న. తెల్లరాతి మెట్లమీద రంగు కారుతుంటది.

“ఏంది కాకా ఇది?” అని బిల్డర్ అరిచిండు.

“ఆనాడు మీరడిగిన అభిప్రాయం సార్. చెప్పుడు జర ఆలస్యమైంది.”